సవర పిల్లలకు ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ అందేలా చేయడం ఎలా?

శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి, మందస, కొత్తూరు మండలాల కొండ ఊళ్ల నుంచి జడ్పీ హైస్కూలుకు రోజూ వచ్చి వెళ్లే సవర గిరిజన పిల్లలకు నేషనల్ మీన్స్ కం మెరిట్ స్కాలర్‌షిప్ (ఎన్‌ఎంఎంఎస్) పెద్ద ఆసరా. ఎనిమిదో తరగతిలో పరీక్ష రాసి ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ పూర్తయ్యేదాకా ఏడాదికి 12,000 రూపాయలు, మొత్తం 48,000 విద్యార్థి ఖాతాలోనే పడతాయి. తెలివైన పిల్లలు కూడా దీన్ని రెండు చోట్ల పోగొట్టుకుంటారు: కాగితాల్లో పేరు కలవకపోవడం ఒకటి, ఇంట్లో సవర భాషలో లెక్కపెట్టే తీరుకూ బడి లెక్కకూ మధ్య ఎవరూ దారి చూపకపోవడం రెండోది. టీచర్లు, ఊళ్లో డిగ్రీ దాకా చదివిన అన్నలు, అక్కలు కలిస్తే రెండూ సరిచేయొచ్చు.

1. బడి తెరవగానే జాబితా రాయండి

ఏడో తరగతిలో 55 శాతం మార్కులు (ఎస్సీ, ఎస్టీలకు 50), కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షల లోపు ఉండాలి. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలే అర్హులు. వసతి, భోజనం, చదువు మూడూ ప్రభుత్వమే ఇచ్చే ఆశ్రమ, గురుకుల పాఠశాలల వారికి ఇది వర్తించదు. ఈ సంగతి ముందే చెప్పండి, లేకపోతే అక్కడి పిల్లలు ఆశపడి నొచ్చుకుంటారు.

2. పేర్లు కలపండి

అన్నిటికంటే ఎక్కువ ఓపిక కావలసింది ఇక్కడే. ఆధార్‌లో ‘సవర’ అని ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బడి రిజిస్టరులో ‘ఎస్’ అని పొడి అక్షరం మాత్రమే ఉంటుంది. పుట్టిన తేదీ కూడా చాలాసార్లు బడిలో చేర్చిన రోజున ఉజ్జాయింపుగా రాసిందే. పరీక్షకు ఇవి అడ్డు రాకపోవచ్చు. ఎంపికయ్యాక నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేసేటప్పుడు మాత్రం పేరు ఆధార్‌తో సరిపోకపోతే డబ్బు ఆగుతుంది.

పదో తరగతి మెమోలో ఏ పేరు ఉండాలో తల్లిదండ్రులతో కూర్చుని ముందు తేల్చుకోండి. జనన ధ్రువపత్రం ఉంటే దాన్నే ఆధారం చేసుకుని, ఆధార్‌నూ బడి రికార్డునూ అక్షరం తేడా లేకుండా ఆ పేరుకు తెండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలకు గ్రామ సచివాలయంలో దరఖాస్తు పెట్టేది ఆ తర్వాతే. ఈ వరస తప్పితే పత్రాలన్నీ మళ్లీ తీయించాలి.

3. లెక్కను ఇంటి దగ్గర నుంచి మొదలుపెట్టండి

సవర భాషలో లెక్కింపు పన్నెండు మీద, ఇరవై మీద నడుస్తుంది. పన్నెండును మిగల్ అంటారు. పదమూడు మిగల్‌బొయ్, అంటే పన్నెండూ ఒకటీ. ఇరవై బొకొడి. ముప్పై మూడు బొకొడి మిగల్‌బొయ్: ఇరవై, పన్నెండు, ఒకటి. ఉచ్చారణ ఊరూరికీ కాస్త మారుతుంది కాబట్టి పెద్దవాళ్లను అడిగి రాసుకోండి. ఇంట్లో కూడా తెలుగు అంకెలే వాడే పిల్లలూ ఉన్నారు, వాళ్లెవరో ముందే కనుక్కోండి.

ముప్పై మూడు చింతపిక్కలు ఇచ్చి అవ్వ లెక్కపెట్టినట్టు కుప్పలు వేయమనండి: 20, 12, 1. పక్కనే అవే పిక్కలతో బడి పద్ధతి: 10, 10, 10, 3. తర్వాత 19 (12, 7), 32 (20, 12), 39 (20, 12, 7) చేయించండి. పదుల స్థానం ఎందుకు తికమక పెడుతోందో పిల్లలకే తెలిసిపోతుంది. తమ ఇంటి లెక్క తప్పు కాదని, అది వేరే పద్ధతి అని తెలిసినప్పుడు బిడియం కూడా తగ్గుతుంది.

దీన్ని సవర పిల్లలను విడిగా కూర్చోబెట్టి చేయకండి. తరగతి మొత్తం చేయాలి, సవర పిల్లలే మిగతావాళ్లకు నేర్పాలి. ‘కొండోళ్లు’ అని వెక్కిరించిన పిల్లలు ముప్పై తొమ్మిదిని సవరలో చెప్పడానికి తంటాలు పడితే గౌరవం దానంతట అదే పుడుతుంది. ఈ జిల్లాలోనే పుట్టిన గిడుగు రామమూర్తి సవర పిల్లల కోసం సవరలోనే వాచకాలు రాశారని, 1938లో ఆయన సవర-ఇంగ్లిష్ నిఘంటువు అచ్చయిందని అప్పుడే చెప్పండి. ఇచ్ఛాపురం, కవిటి వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలున్న తరగతిలోనూ ఇలాగే ఇంటి మాటకు చోటివ్వాలి.

4. పరీక్షకు సాధన

మేధాశక్తి 90, పాఠ్యాంశాలు 90, మొత్తం 180 ప్రశ్నలకు మూడు గంటలు. తప్పు జవాబుకు మార్కు కోత లేదు, కాబట్టి ఒక్కటి కూడా ఖాళీగా వదలనివ్వకండి. మేధాశక్తి పేపరు పాఠ్యపుస్తకాల్లో ఉండదు. శ్రేణులు, కోడింగ్ (అక్షరాలు, అంకెల గుర్తుల లెక్కలు), బొమ్మల పోలికలు వారానికి మూడు రోజులు, రోజుకు ముప్పావు గంట చేయించాలి. ఎస్టీలకు అర్హత మార్కు 32 శాతం. అది దాటితే చాలదు, మెరిట్ జాబితాలో చోటు దక్కాలి. ఊళ్లో పండుగ రోజుల్లో మాదిరి పరీక్ష పెట్టకండి. పిల్లలు రారు, రాకపోవడం వాళ్ల తప్పూ కాదు.

దరఖాస్తు హెడ్‌మాస్టరు ద్వారానే ఆన్‌లైన్‌లో వెళ్తుంది. ఎస్టీలకు రుసుం 50 రూపాయలు. ప్రశ్నపత్రం ఏ భాషలో కావాలో పిల్లవాణ్ణి అడిగే నింపండి.

5. ఎంపికయ్యాక

విద్యార్థి పేరుతో బ్యాంకు ఖాతా తెరిచి ఆధార్ సీడింగ్, అంటే ఖాతాకు ఆధార్ కలపడం, చేయించండి. మధ్యలో ఎవరైనా ఇంకో ఖాతా తెరిపించి దానికి ఆధార్ కలిపితే డబ్బు అటే పోతుంది. ఇంట్లోవాళ్లు రాలేదనుకుని తిరుగుతుంటారు, కాబట్టి చివరగా సీడ్ అయిన ఖాతా ఏదో ముందు చూడండి.

పోర్టల్‌లో ఏటా రెన్యువల్ చేయాలి. ఎనిమిదో తరగతిలో 50 శాతం, పదిలో 55 శాతం వస్తేనే ఎస్టీ విద్యార్థులకు కొనసాగుతుంది. పది అయ్యాక ప్రైవేటు కాలేజీలో చేరితే ఆగిపోతుంది. అందుకే ఫలితాలు రాకముందే తల్లిదండ్రులను కలిసి, ప్రభుత్వ లేదా ఎయిడెడ్ జూనియర్ కాలేజీలో చేరితేనే మిగిలిన 24,000 అందుతాయని వివరంగా చెప్పండి.