తక్కువ ఖర్చుతో ఊబకాయ నివారణ, 4వ పాఠం: తగ్గిన కిలోల్లో పథకం వాటా ఎంత?

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కకి మీరు పంపిన జవాబులన్నీ చదివాను. ఈసారి కిలోల నుంచి ఆరోగ్యంగా గడిచే ఏళ్ళ లెక్కలోకి వెళ్దామనుకున్నాను, కానీ ఆ జవాబులు చూశాక అది వాయిదా వేయక తప్పలేదు. ఎక్కువమంది ఒకే చోట జారారు. భాగహారం బాగానే చేశారు, భాగించాల్సిన అంకెనే ప్రశ్నించకుండా తీసుకున్నారు.

లెక్క ఒకసారి గుర్తు చేస్తాను. ఒక మునిసిపాలిటీ ముందు రెండు పథకాలున్నాయి. మొదటిది తరగతుల పథకం: స్క్రీనింగ్ శిబిరంలో బరువు, బీపీ ఎక్కువగా తేలిన 400 మందిని ఎంచి ఆరు నెలలు వ్యాయామం, ఆహారం మీద తరగతులు నడుపుతారు. ఖర్చు 20 లక్షలు (ఏ దేశపు డబ్బయినా పర్లేదు, మనకి నిష్పత్తి చాలు). చివరి రోజు తూకంలో సగటున 2 కిలోలు తగ్గినట్టు రిపోర్టు. రెండోది క్యాంటీన్ల పథకం: మునిసిపాలిటీ చేతిలో ఉన్న బడులు, ఆఫీసులు, ఆసుపత్రుల క్యాంటీన్ల కాంట్రాక్టు షరతులు మార్చి తీపి పానీయాలు తీసేయడం. ఖర్చు 6 లక్షలు, అక్కడ తినేవాళ్ళు 40,000 మంది, తలకి 100 గ్రాముల తేడా వస్తుందని అంచనా.

అందరూ దాదాపు ఇలాగే రాశారు: తరగతులకి 800 కిలోలు, కిలోకి 2,500. క్యాంటీన్లకి 4,000 కిలోలు, కిలోకి 150. సిబ్బంది జీతం, గది అద్దె ఖర్చులో కలపడం లాంటివి రెండో పాఠంలోనే అయిపోయాయి కాబట్టి మళ్ళీ చెప్పను. ఆ 2 కిలోల దగ్గర ఆగుదాం. అవి తరగతుల వల్లే తగ్గాయని ఎలా తెలిసింది?

"ముందు తూచాం, తర్వాత తూచాం, తగ్గింది" అనే వాక్యం నేను చూసినన్ని రిపోర్టుల్లో ఇంకేదీ చూడలేదు, చూసిన ప్రతిసారీ చిరాకేస్తుంది, ఎందుకంటే ఆ ఒక్క వాక్యాన్ని నమ్మి ఏటా బడ్జెట్లు పాసవుతాయి. కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపే ఉంటాను.

బీపీతో చూస్తే స్పష్టంగా తెలుస్తుంది. శిబిరానికి 1,000 మంది వచ్చారనుకుందాం. 140 దాటినవాళ్ళు 200 మంది తేలారు. ఈ 200 మందీ ఒకే రకం కాదు. 130 మందికి మామూలుగానే బీపీ ఎక్కువ. మిగతా 70 మందికి రోజూ 132 దగ్గర ఉండేదే, ఆ రోజు మెట్లెక్కి రాగానే పట్టీ కట్టారు, లేదా రాత్రి నిద్ర లేదు, లేదా డాక్టర్‌ని చూడగానే టెన్షన్, అందుకే 140 దాటింది. ఇప్పుడు వీళ్ళ కోసం ఏమీ చేయకండి, ఊరికే మూడు నెలలు ఆగి మళ్ళీ కొలవండి. ఆ 70 మందిలో చాలామంది తమ మామూలు అంకెకి వచ్చేస్తారు, మొత్తం 200 మంది సగటు 150 నుంచి 145కో 144కో దిగుతుంది. మధ్యలో ఒక్క తరగతైనా జరిగి ఉంటే ఆ ఐదారు పాయింట్లూ దాని ఖాతాలో పడిపోతాయి.

నమ్మకం కుదరకపోతే తిరగేసి చూడండి. అదే శిబిరంలో అందరికంటే తక్కువ బీపీ వచ్చిన 200 మందిని పిలిచి మళ్ళీ కొలవండి. వాళ్ళ సగటు పెరుగుతుంది. ఎవరూ వాళ్ళకి హాని చేయలేదు, ఆ రోజు కాస్త తక్కువ చూపించినవాళ్ళు తమ మామూలు స్థాయికి వచ్చారంతే. కానీ బాగున్నవాళ్ళని రెండోసారి ఎవరూ పిలవరు, అందుకే ఈ పెరుగుదల ఎవరి కంటా పడదు. ఒక కొలతని బట్టి చివర ఉన్నవాళ్ళని ఏరితే రెండో కొలతలో వాళ్ళు సగటు వైపు జరుగుతారు. రోజురోజుకీ మారే కొలత ఎంత ఊగితే ఈ జరుగుడు అంత ఎక్కువ, అందుకే బీపీలో, షుగర్‌లో ఎక్కువ, బరువులో తక్కువ. అయితే బరువుకి ఇంకో చిక్కుంది: తరగతిలో పేరు రాయించుకునేవాడు తగ్గాలని అప్పటికే నిర్ణయించుకున్నవాడు, మీరు లేకపోయినా ఎంతో కొంత తగ్గేవాడే.

దీనికి నేనెప్పుడూ వాడే మందు చాలా చవక. రెండుసార్లు కొలవండి. మొదటి కొలత మనుషుల్ని ఎంచడానికి మాత్రమే, వారం తర్వాత తీసిన రెండో కొలత మీ 'ముందు' అంకె. దీంతో ఆ అబద్ధపు తగ్గుదలలో ఎక్కువ భాగం పోతుంది. మీ స్థానిక సంస్థ ఇంకేమీ చేయలేకపోయినా ఇదొక్కటి చేయించండి.

పూర్తిగా పోవాలంటే పోలిక కావాలి. పోలిక అనగానే విశ్వవిద్యాలయం, గ్రాంటు, మూడేళ్ళు అని భయపడతారు, అక్కర్లేదు. 400 మందికి సీట్లుండి 800 మంది దరఖాస్తు పెట్టారా, చీటీలు తీసి సగం మందికి ఇప్పుడు, సగం మందికి ఆరు నెలల తర్వాత అనండి. వెయిటింగ్ లిస్టే మీ పోలిక. నాకు బాగా ఇష్టమైన పద్ధతి ఇంకొకటుంది: ప్రతి స్క్రీనింగ్‌లోనూ ఏదో ఒక గీత ఉంటుంది కదా, ఆ గీతకి ఇటు, అటు కాస్త దగ్గర్లో ఉన్నవాళ్ళని పోల్చడం. 84.8 సెంటీమీటర్ల నడుముకీ 85.2 సెంటీమీటర్ల నడుముకీ మనుషుల్లో పెద్ద తేడా ఉండదు, కానీ ఒకరిని పథకంలోకి పిలుస్తారు, ఇంకొకరిని పిలవరు.

ఆ 85 ఊరికే రాయలేదు. జపాన్‌లో 2008 నుంచి 40–74 ఏళ్ళవాళ్ళకి జరిగే ఆరోగ్య పరీక్షల్లో మగవాళ్ళ నడుముకి గీత 85 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 90. గీత దాటి, బీపీ, షుగర్ లాంటివాటిలో కూడా తేడా ఉంటే సలహా తరగతులకి పిలుస్తారు. పరిశోధకులు మగవాళ్ళలో గీతకి రెండు వైపులా ఉన్నవాళ్ళని పోల్చి 2020లో ఫలితం ప్రకటించారు. ఏడాది తర్వాత బరువులో తేడా సుమారు 300 గ్రాములు. బీపీలో, మూడు నెలల సగటు షుగర్‌లో, చెడు కొలెస్ట్రాల్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు. మూడు, నాలుగు ఏళ్ళకి ఆ బరువు తేడా కూడా కనబడలేదు. అంత పెద్ద దేశవ్యాప్త కార్యక్రమం, వట్టి ముందూ వెనకా తూకంతోనే చూసి ఉంటే ఏమని రాసుకునేవాళ్ళో ఊహించండి.

దీన్ని చదివి తరగతులన్నీ దండగ అనుకోకండి. అమెరికాలో మధుమేహ నివారణ మీద జరిగిన పెద్ద ప్రయోగంలో (2002లో ఫలితాలొచ్చాయి, 3,234 మంది) జీవనశైలి మార్పు మధుమేహం రావడాన్ని 58 శాతం తగ్గించింది, మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర 31 శాతం. అక్కడ పోలిక గుంపు ఉంది కాబట్టే ఆ 58ని నమ్ముతున్నాం. కానీ అందులో ఒక్కొక్కరితో విడిగా కూర్చుని 16 పాఠాలు చెప్పారు, ఆ తర్వాత కూడా వదలకుండా వెంటపడ్డారు. నాలుగు ఉపన్యాసాలు, ఒక కరపత్రం ఇచ్చి ఆ 58ని మీ ప్రతిపాదనలో రాయకూడదు.

ఇప్పుడు తరగతుల లెక్క సరిచేద్దాం. రిపోర్టు చిన్న అక్షరాల్లో చూస్తే చివరి రోజు తూకానికి వచ్చింది 250 మందే. రానివాళ్ళకి సున్నా వేయండి (మానేసినవాళ్ళు తగ్గారని అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు). 250 × 2 = 500 కిలోలు, అంటే 400 మందికి తలకి 1.25. వెయిటింగ్ లిస్టువాళ్ళు అదే ఆరు నెలల్లో తమంతట తాము అర కిలో తగ్గారనుకుందాం. మిగిలింది 0.75. నాలుగు వందలతో గుణిస్తే 300 కిలోలు. కిలోకి 2,500 అనుకున్నది 6,667 అయింది.

క్యాంటీన్ల అంచనాని మాత్రం ఎందుకు వదిలిపెట్టాలి? లోపల పానీయం దొరక్కపోతే గేటు దాటి కొనుక్కుంటారు. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరం 2017 జనవరిలో తీపి పానీయాల మీద ఔన్సుకి (సుమారు 30 మి.లీ.) ఒకటిన్నర సెంట్ల పన్ను వేసింది. ఏడాదిలో నగరం లోపలి దుకాణాల్లో అమ్మకాలు 51 శాతం పడిపోయాయి. కానీ హద్దు అవతల పెరిగిన కొనుగోళ్ళు ఆ తగ్గుదలలో నాలుగో వంతుని మింగేశాయి, నికరంగా మిగిలింది 38 శాతం. ఇక్కడ కూడా ఆ పన్ను లేని బాల్టిమోర్ నగరాన్ని పోలికగా పెట్టుకున్నారు. పరిధి చిన్నదైనకొద్దీ హద్దు దగ్గరవుతుంది, కాబట్టి స్థానిక సంస్థలు ఇలా హద్దు దాటి కారిపోయే వాటాని లెక్కించి తీరాలి. మనం కూడా నాలుగో వంతు తీసేద్దాం: 3,000 కిలోలు, కిలోకి 200.

"సన్నగా ఉన్నవాడికి 75 గ్రాములు తగ్గితే లాభమేంటి" అని అడిగినవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్న. అధిక బరువున్నవాళ్ళు పదిమందిలో నలుగురే అనుకుని వాళ్ళవి మాత్రమే లెక్కేస్తే 1,200 కిలోలు, కిలోకి 500. అప్పటికీ 6,667కి దరిదాపుల్లో లేదు. ఇలాంటి చోట ఖచ్చితమైన అంకె కోసం నేను తంటాలు పడను. నా అంచనా ఎన్ని రెట్లు తప్పయితే ఏ పథకం ముందు, ఏది వెనక అన్న వరుస తారుమారవుతుందో చూస్తాను. ఇక్కడ 13 రెట్లు తప్పు కావాలి. రెట్టింపు తప్పుకే తిరగబడే వరుసైతే మళ్ళీ డేటాకి వెళ్ళాలి, 13 రెట్లయితే నిర్ణయం తీసుకోవచ్చు.

అంతమాత్రాన ఆ 400 మందిని గాలికి వదిలేయమని ఎవరికీ చెప్పకండి. వాళ్ళకి కావలసింది చికిత్స, అది ఆరోగ్య సేవల బడ్జెట్‌లో ఉండాలి. నివారణకి కేటాయించిన డబ్బు వేరు. జనంలో జబ్బులు వ్యాపించే తీరుని చదివిన బ్రిటిష్ వైద్యుడు జెఫ్రీ రోజ్ 1980లలో చూపించినట్టు, ముప్పు కొంచెమే ఉన్న వేలమంది నుంచి వచ్చే కేసులు, ముప్పు బాగా ఎక్కువున్న కొద్దిమంది నుంచి వచ్చేవాటి కంటే ఎక్కువ ఉండొచ్చు. మునిసిపాలిటీ చేతిలో ఉన్నవి కూడా ఆ వేలమందిని తాకేవే: కాంట్రాక్టులు, హోర్డింగులు, కాలిబాటలు, లైసెన్సులు.

అభ్యాసం ఈసారి కష్టంగానే ఉంటుంది, రెండు వారాలు తీసుకోండి. మీకు అందుబాటులో ఉన్న స్థానిక సంస్థ ఆరోగ్య కార్యక్రమం రిపోర్టు ఒకటి సంపాదించండి. మనుషుల్ని ఏ కొలతతో ఎంచారు, 'ముందు' అంకె అదే కొలతా, ఎంతమంది మొదలుపెట్టి ఎంతమంది చివరి కొలతకి వచ్చారు, ఏ గుంపుతో పోల్చారు అనేవి రాయండి. పోలిక లేకపోతే గీతకి ఇటూ అటూ ఉన్నవాళ్ళ రికార్డులు అడగండి, పేర్లు తీసేసి ఇమ్మనండి. రానివాళ్ళకి సున్నా వేసి కిలోకి (లేదా బీపీ పాయింటుకి) ఖర్చు మళ్ళీ కట్టండి. చివరగా, రిపోర్టులో రాసిన ఖర్చు అంకె పక్కన మీ అంకె పెట్టి, మధ్య తేడాలో ఎంత భాగం మానేసినవాళ్ళది, ఎంత భాగం సగటు వైపు జరుగుడుది అని విడివిడిగా చూపించండి. ఆ రెండో భాగం విడదీయడం దగ్గర చాలామంది ఆగిపోతారు, ఆగిన చోటు దాకా చేసి పంపినా ఫర్వాలేదు.