చప్పగా ఉందనే ముందు చిన్న గిన్నె తెచ్చుకోండి: దవావో ఫుడ్ కోర్టులో భోజనం

2014లో మెడిసిన్ చదవడానికి ఫిలిప్పీన్స్‌లోని దవావోలో దిగినప్పుడు నా సూట్‌కేసులో నాలుగు రకాల పొడులు, రెండు కేజీల ఆవకాయ ఉన్నాయి. మూడు వారాలు హాస్టల్ గదిలో వాటితోనే అన్నం తిన్నాను. నాలుగో వారంలో నా పక్క సీటు అమ్మాయి, అక్కడి పిల్లే, నన్ను మాల్ పై అంతస్తులో ఉన్న ఫుడ్ కోర్టుకి లాక్కెళ్లి ఒక గిన్నె నా ముందు పెట్టింది. లోపల చేప ముక్క, తూటికూర, ముల్లంగి, వంకాయ. ఒక చెంచా నోట్లో పెట్టుకోగానే నరసరావుపేటలో మా అమ్మమ్మ చేసే చింతపండు పులుసు గుర్తొచ్చింది. ఆ గిన్నెలో ఉన్నదాని పేరు సినిగాంగ్. ఆ తర్వాత అక్కడున్నన్నేళ్లూ వారానికి మూడు నాలుగు సార్లయినా ఫుడ్ కోర్టులోనే తిన్నాను.

ఏటా మన జిల్లాల నుంచి పిల్లలు మెడిసిన్ చదవడానికి ఫిలిప్పీన్స్ వెళ్తున్నారు. వాళ్ల అమ్మానాన్నలు నాకు ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న తిండి గురించే. అందుకే ఇదంతా రాస్తున్నాను. నాకు తెలిసింది దవావో కాబట్టి ఆ ఊరి పద్ధతే చెబుతాను.

ముందు వేళ సంగతి. అక్కడ మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే ఆఫీసులన్నీ ఒకేసారి భోజనానికి లేస్తాయి. పదకొండున్నరకే వెళ్తే ట్రేలు అప్పుడే నింపి ఉంటాయి, ఆవిరి కనిపిస్తుంది, ఖాళీ బల్ల దొరుకుతుంది. రెండు దాటాక వెళ్తే మిగిలినవి ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు మొదటి నెల ఆవిరి వచ్చే ట్రేలోంచే తీసుకోండి, నీళ్లు సీసావి తాగండి. ఇది డాక్టరుగా చెబుతున్న మాట.

అద్దం వెనక వరసగా ట్రేలు పెట్టి కూరలు అమ్మే దుకాణాలని అక్కడ తురో-తురో అంటారు. తగాలోగ్ భాషలో తురో అంటే వేలితో చూపించడం. పేర్లు తెలియకపోయినా ఇబ్బంది లేదు, కావలసినదాన్ని వేలితో చూపిస్తే చాలు. వడ్డించే ఆమెని 'ఆతె' అనండి, అంటే అక్క. మగవాళ్లయితే 'కూయా', అంటే అన్న. ముక్కూమొహం తెలియని మనిషినైనా అక్కా, అన్నా అని పిలవడం మనకి అలవాటే కాబట్టి ఇది నోటికి వెంటనే పడుతుంది. అలా పిలిస్తే గరిటె ఇంకొంచెం లోతుకి దిగుతుందని నా అనుభవం.

దవావోలో తగాలోగ్ అందరికీ అర్థమవుతుంది కానీ ఇళ్లలో, వీధుల్లో వినిపించేది ఎక్కువగా బిసాయా. నాలుగు మాటలు నేర్చుకుని వెళ్లండి. 'ఉన్సా ని?' అంటే ఇదేంటి. 'పిలా ని?' అంటే ఇదెంత. 'నా బాయ్ బాబొయ్ ఆని?' అంటే ఇందులో పంది మాంసం ఉందా. 'ఉన్సాయ్ సాగోల్ ఆని?' అంటే ఇందులో ఏమేం కలిపారు. ఈ నాలుగో ప్రశ్న చాలా ముఖ్యం, ఎందుకో కింద చెబుతాను. పంది బాబొయ్, కోడి మనోక్, చేప ఇస్దా, రొయ్య హిపోన్, గొడ్డు మాంసం బాకా. బాబొయ్ అన్న మాట తెలుగువాళ్లు ఒక్కసారి వింటే మర్చిపోరు. బాకాని మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి.

అన్నం కప్పుతో కొలిచి పళ్లెంలో బోర్లిస్తారు. ఒక కప్పు అన్నం, ఒక కూర కలిపి ఒక ధర. ఒక కప్పు మనకి ఏ మూలకీ రాదు, మొదటే రెండు చెప్పండి. చాలా చోట్ల పక్కనే ఒక చిన్న గిన్నెడు వేడి రసంలాంటిది ఊరికే ఇస్తారు, దాన్ని సబావ్ అంటారు. అది సాధారణంగా ఎముకలు ఉడికించిన నీళ్లు, శాకాహారులు ముట్టుకోకండి. చెంచా, ఫోర్కు వేడినీళ్ల డబ్బాలో నిలబెట్టి ఉంటాయి. చెంచా కుడిచేతికి, ఫోర్కు ఎడమచేతికి. ఫోర్కుతో అన్నాన్ని చెంచాలోకి నెట్టుకుని తినడమే అక్కడి పద్ధతి, కత్తి వాడరు.

ఇక అసలు విషయం. మనవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. కూర నోట్లో పెట్టుకుని 'చప్పగా ఉంది' అని పళ్లెం పక్కకి తోసేసి, బయటికొచ్చి బర్గర్ కొనుక్కుంటారు. నేను కూడా మొదట్లో అలాగే చేశాను. నాకు తెలియనిదేమిటంటే, ఆ కూర ఇంకా పూర్తవలేదు. ఫిలిప్పీన్స్‌లో వంట మనిషి చివరి రుచిని తినేవాళ్లకి వదిలిపెడుతుంది. ఉప్పు, పులుపు, కారం ఎంత కావాలో ఎవరికి వాళ్లు చిన్న గిన్నెలో కలుపుకుని, ముక్కని అందులో ముంచుకుని తినాలి. ఆ ముంచుకునేదాని పేరు సౌసావన్. కౌంటరు చివర చూడండి, సీసాలు, పచ్చటి చిన్న నిమ్మకాయలు, మిరపకాయలు పెట్టి ఉంటాయి. కనిపించకపోతే అడగండి, ఇస్తారు.

ఆ నిమ్మకాయ పేరు కలమాన్సీ. ఉసిరికాయంత ఉంటుంది, పైన పచ్చన, లోపల నారింజ రంగు. గింజలెక్కువ, చెంచా అడ్డుపెట్టి పిండండి. నల్లటి సోయా సాస్ పేరు తోయో, వెనిగర్ సుకా, చేపల నుంచి తీసే ఉప్పటి రసం పాతిస్, మిరపకాయ సీలీ. నేను కలుపుకునే లెక్క ఇది. నిప్పుల మీద కాల్చిన చేపకి, కోడికి అయితే రెండు చెంచాల తోయో, మూడు కలమాన్సీలు, రెండు మిరపకాయలు చితిపి. వేయించినవాటికి తోయో తగ్గించి సుకా, దంచిన వెల్లుల్లి, మిరపకాయ. సినిగాంగ్ తినేటప్పుడు పాతిస్‌లో మిరపకాయ నలిపి, చేప ముక్కని పులుసులోంచి తీసి అందులో అద్దుకుని తినండి. ఆ మిరపకాయ వేలి కణుపంత ఉంటుంది కానీ గుంటూరు మిరపకాయ తిన్న నాలుకని కూడా పలకరిస్తుంది. మొదటిసారి ఒక్కటే వేసుకోండి. ఈ గిన్నె కలపడం వచ్చిందంటే నాకు తెలిసి ఆ దేశంలో మీరు ఆకలితో పడుకునే రోజు ఉండదు.

కూరల్లో ముందు సినిగాంగ్‌తోనే మొదలుపెట్టండి. పంది, రొయ్య, చేప దేనితోనైనా చేస్తారు, అడిగి తీసుకోండి. బంగుస్ అనే చేపతో చేసింది నాకు ప్రాణం. దానికి ముళ్లు విపరీతం, తొందర పడకండి. పులుపు ఎక్కువగా చింతపండుదే. ఫుడ్ కోర్టుల్లో చాలామంది పొడి ప్యాకెట్ వాడతారు, అయినా రుచి మనకి దగ్గరగానే ఉంటుంది.

తర్వాత అదోబో. వెనిగర్, సోయా సాస్, వెల్లుల్లి, మిరియాలు, బిర్యానీ ఆకు వేసి మాంసాన్ని మగ్గబెడతారు. అదోబో అనే పేరు స్పెయిన్‌వాళ్లు పెట్టింది, వెనిగర్‌లో వండి నిలవ చేసుకోవడం మాత్రం వాళ్లు రాకముందు నుంచే ఉంది. ఆ వేడిలో ఫ్రిజ్ లేకుండా కూర పాడవకూడదంటే పులుపే దారి. మనం ఊరగాయ పెట్టుకోవడం వెనకా అదే లెక్క. కోడితో చేసిన అదోబో అడగండి, ఆ గ్రేవీ అన్నంలో కలుపుకోండి.

కరె-కరె అనే పేరు చూసి మన కర్రీ అనుకోవద్దు. వేరుశనగ ముద్దతో చేసిన చిక్కటి నారింజ రంగు పులుసు అది, కమ్మగా ఉంటుంది. కానీ అందులో సాధారణంగా వేసేది ఆవు తోక, పేగులు. అవి తిననివాళ్లు వాసనకి మోసపోకుండా ముందే అడగండి. నల్లటి గ్రేవీలో ఉన్న ముక్కలు కనిపిస్తే అది దినుగ్వాన్, పంది నెత్తురుతో చేస్తారు. తినాలనుకుంటే తెలిసే తినండి. కొబ్బరిపాలలో మిరపకాయలు దండిగా వేసిన బికోల్ ఎక్స్‌ప్రెస్ మన కారానికి సరిపోతుంది, అదీ పంది మాంసమే.

దవావో సముద్రపు ఊరు. చేపలు తినేవాళ్లకి, ముఖ్యంగా గోదావరి జిల్లాల పిల్లలకి, అక్కడ పండగే. టూనా చేప దవడని నిప్పుల మీద కాల్చి ఇస్తారు, పాంగా అంటారు. ఇద్దరు తినొచ్చు. కినిలావ్ అనేది మాత్రం వెనిగర్‌లో నానబెట్టిన పచ్చి చేప. పొట్ట ఆ ఊరికి అలవాటు పడేదాకా ఆగండి.

శాకాహారుల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. నా రూమ్మేట్ గుంటూరు అమ్మాయి, గుడ్డు కూడా తినదు. మొదటి సెమిస్టరులో ఓ రోజు ట్రేలో పెసల కూర కనిపించింది. మోంగో అంటారు. పెసలు మెత్తగా ఉడికించి, మునగాకు వేసి చేస్తారు. మునగాకు చూసేసరికి దాని కళ్లలో నీళ్లు తిరిగాయి, 'ఇది మన ఇంటి పప్పేనే' అంది. సగం తిన్నాక గిన్నె అడుగున చిన్న పంది ముక్క తగిలింది. ఆ రోజంతా ఏమీ తినలేదు. వడ్డించిన ఆమెని తప్పు పట్టలేం, మేం అడగలేదు. అక్కడ కూరగాయల కూర అంటే కూరగాయలు ఎక్కువగా ఉన్న కూర అని అర్థం. రుచి కోసం వేసిన నాలుగు మాంసం ముక్కలు లెక్కలోకి రావు. మన కోస్తాలో ఎండు రొయ్యలు వేసిన వంకాయ కూరని వంకాయ కూర అనే కదా అంటాం, అలాగే. అందుకే 'మాంసం ఉందా' అని కాదు, 'ఉన్సాయ్ సాగోల్ ఆని', ఏమేం కలిపారు అని అడగమన్నాను. శుక్రవారం మోంగో చేయడం అక్కడి కాథలిక్ కుటుంబాల్లో ఆనవాయితీ. ఆ రోజు మాంసం మానేసేవాళ్లుంటారు కాబట్టి పంది బదులు ఎండు చేపో రొయ్యలో వేస్తారు. అంటే శుక్రవారం కూడా శాకాహారమని నమ్మకూడదు.

గుడ్డు తినేవాళ్లకి తోర్తాంగ్ తాలోంగ్ ఉంది. వంకాయని కాల్చి, తొక్క తీసి, చదును చేసి, గుడ్డు సొనలో ముంచి వేయిస్తారు. కైమా లేనిది అడగండి. గుడ్డు కూడా తిననివాళ్లకి తురో-తురోలో నిజంగా కష్టమే. పినక్‌బెత్‌లో గుమ్మడి, బెండ, కాకర, వంకాయ అన్నీ ఉంటాయి కానీ రొయ్యల ముద్ద వేస్తారు. నా రూమ్మేట్ చివరికి ఒకే దుకాణాన్ని ఎంచుకుని, ఆ ఆతెతో స్నేహం చేసుకుని, తూటికూర వెల్లుల్లితో, సోయా సాస్‌తో విడిగా వేయించి ఇమ్మనేది. నూనె కూడా కొత్తది పోయమనేది. రద్దీ లేని పదకొండున్నరకి వెళ్తేనే అది కుదిరేది. అన్నం, ఆ తూటికూర, ఇంటి నుంచి తెచ్చుకున్న కారప్పొడి. అలాగే చదువు పూర్తి చేసింది.

దవావో ఉన్న దీవి పేరు మిందనావో. అక్కడి ముస్లిముల వంట దొరికే దుకాణం కనిపిస్తే వదలకండి. హలాల్ బోర్డు ఉంటే పంది భయం లేదు. పాస్తిల్ అని అరటాకులో అన్నం, పైన సన్నగా చీల్చి వండిన కోడి మాంసం పెట్టి చుట్టి ఇస్తారు, చవక కూడా. వాళ్లలో మరనావ్ అనే తెగవాళ్లు ఉల్లికాడల్లాంటి ఆకు, అల్లం, మిరపకాయలు దంచి పలపా అనే పచ్చడి చేస్తారు. రోటి పచ్చడి మీద బెంగ పెట్టుకున్నవాళ్లకి మందు అది.

చేత్తో తినాలనిపిస్తే చికెన్ ఇనసాల్ దుకాణానికి వెళ్లండి. నిమ్మగడ్డి, అల్లం, వెనిగర్, కలమాన్సీలో ఊరబెట్టిన కోడిని బొగ్గుల మీద కాలుస్తారు. బకోలోద్ అనే ఊరి వైపు వంట ఇది. చాలామంది చేత్తోనే తింటారు. కొన్ని చోట్ల అన్నం ఎంత కావాలంటే అంత, 'అన్లీ రైస్' అంటారు. బల్ల మీద నారింజ రంగు నూనె సీసా ఉంటుంది. మనం నెయ్యి వేసుకున్నట్టు వేడి అన్నం మీద రెండు చెంచాలు పోసుకుని కలపండి. 'పా' అంటే తొడ ముక్క, 'పెచో' అంటే రొమ్ము ముక్క. పా అడగండి, మెత్తగా ఉంటుంది.

తీపికి హాలో-హాలో ఒక్కటి చాలు. తురిమిన ఐసు కింద తీపి చిక్కుడు గింజలు, అరటిపండు, కొబ్బరి ముక్కలు, సముద్రపు నాచు నుంచి చేసిన జెల్లీ, పైన ఊదారంగు పెండలం హల్వా, పాలు. పేరుకి అర్థమే కలుపు కలుపు అని. పొడుగు చెంచాతో అడుగు నుంచి పైకి కలిపాకే తినండి. పైన పెట్టే పసుపు ముక్క గుడ్డుతో చేసింది, తిననివాళ్లు 'లెచె ఫ్లాన్ వద్దు' అని ముందే చెప్పాలి.

తిన్నాక చుట్టూ చూడండి. జనం ట్రేలు తీసుకెళ్లి పెడుతుంటే మీరూ పెట్టండి. టిప్పు అక్కర్లేదు, 'సలామత్, ఆతె' అనండి.

పరీక్షల రోజుల్లో గదికి కట్టించుకుని వెళ్తారు కదా, అప్పుడు ఒక సంగతి. నేనున్నప్పుడు సినిగాంగ్‌ని ప్లాస్టిక్ సంచిలో పోసి ముడివేసి ఇచ్చేవాళ్లు. అన్నం వేరే, పులుసు వేరే కట్టించుకోండి, లేకపోతే దారిలోనే అన్నం నానిపోతుంది. రెండు కలమాన్సీలు, రెండు మిరపకాయలు విడిగా చిన్న సంచిలో వేయమని అడగండి. మా ఆతె అడగకుండానే నాలుగు వేసేది.