కారులో పాట – 4వ పాఠం: బేస్ ఎక్కడికి పోయింది?

ఈ పాఠంలో ఆంప్లిఫయర్ (స్టీరియో ధ్వనిని బలపరిచే పెట్టె) గురించి చెప్తానని పోయినసారి రాశాను. చెప్తాను, కానీ చివర్లో. ముందు 3వ పాఠంలో వేసిన డోర్ స్పీకర్ల సంగతి తేలాలి. అమలాపురం, తణుకు, కాకినాడ నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఫిర్యాదు ఒక్కటే: "కంపెనీ స్పీకర్లు తీసేసి మంచివి వేశామండి, ట్రెబుల్ అద్దంలా ఉంది, బేస్ మాత్రం పాతవాటికంటే తగ్గింది." (ట్రెబుల్ అంటే సన్నటి పైధ్వని, బేస్ అంటే డోలులాంటి లోతైన ధ్వని.) దీనికి అందరూ అనుకుంటున్న మందు ఆంప్లిఫయర్. కాదు. ఉన్న తప్పును ఆంప్లిఫయర్ ఇంకా గట్టిగా వినిపిస్తుంది, అంతే.

తప్పు రెండు చోట్ల ఉంటుంది: వైర్లు తారుమారు కావడం, స్పీకర్ చుట్టూ గాలి పోవడం. రెండూ పోయిన పాఠంలో నేను ఒక్కో వాక్యంతో దాటేసినవే.

వైర్ల సంగతి. ఒక డోర్‌లో ప్లస్ మైనస్ మారితే, ఎడమ స్పీకర్ కోన్ (ముందుకీ వెనక్కీ కదిలే గరాటు) బయటికి తోసే క్షణంలో కుడి కోన్ లోపలికి లాగుతుంది. మన ఎండల్లో 100 హెర్ట్జ్ ధ్వని అల పొడవు దాదాపు మూడున్నర మీటర్లు. రెండు డోర్ల మధ్య దూరం మీటరున్నర కూడా ఉండదు. అంత పొడవు అలకి ఆ రెండు స్పీకర్లూ దాదాపు ఒకేచోట ఉన్నట్టు లెక్క. ఒకటి తోస్తే ఒకటి లాగితే మిగిలేది సున్నా. అదే 4000 హెర్ట్జ్ దగ్గర అల పొడవు 9 సెంటీమీటర్ల లోపే. అక్కడ కొన్నిచోట్ల చెల్లిపోయినా కొన్నిచోట్ల కూడుతుంది, చెవికి తేడా తెలీదు. అందుకే ట్రెబుల్ బాగుండి బేస్ ఒక్కటే మాయమవుతుంది. మీరు రాసిన లక్షణం అచ్చంగా ఇదే.

స్పీకర్ వెనక రెండు రేకు నాలుకలుంటాయి. వెడల్పుది ప్లస్, సన్నది మైనస్. ఇందులో ఎవరూ పొరబడలేదు. పొరపాటు కారు వైరు వైపు జరిగింది. స్టీరియోతో వచ్చే వైర్ల కట్టలో రంగుల పద్ధతి స్థిరం: ముందు ఎడమకి తెలుపు, ముందు కుడికి బూడిద, వెనక ఎడమకి ఆకుపచ్చ, వెనక కుడికి ఊదా, నల్లగీత ఉన్నది మైనస్. డోర్‌లోకి వచ్చే కంపెనీ వైర్లకి ఈ పద్ధతి వర్తించదు. కంపెనీ కంపెనీకీ రంగు మారుతుంది. ఒకే కారులో ఎడమ డోర్ రంగులు కుడి డోర్‌లో ఉండవు. కప్లర్ (వైర్లు కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు) కోసేసి రంగు చూసి ఊహించి కలిపినవాళ్లందరికీ సగానికి సగం తప్పే అవకాశం ఉంది. మోడల్‌కి సరిపోయే కప్లర్ అడాప్టర్ కొనమని మళ్లీ చెప్తున్నాను. వైరు కోయడం నాకు ఇష్టం లేదు.

చెవితో పట్టుకోవడం ఇలా. డోలు, మృదంగం గట్టిగా ఉన్న పాట పెట్టి ఫేడర్ (ముందు, వెనక స్పీకర్ల మధ్య ధ్వనిని పంచేది) పూర్తిగా ముందుకి జరపండి. బ్యాలెన్స్ పూర్తిగా ఎడమకి, తర్వాత కుడికి, తర్వాత మధ్యకి. ఒక్క పక్క నిండుగా ఉన్న డోలు మధ్యకి రాగానే పలచబడితే ముందు జతలో ఒకటి తిరగబడింది. ఫేడర్ వెనక్కి పెట్టి ఇదే చెయ్యండి. ఆ తర్వాత బ్యాలెన్స్ ఎడమన ఉంచి ఫేడర్‌ని ముందుకి, వెనక్కి, మధ్యకి జరపండి. ఈ మూడోది ఎవరూ చెయ్యరు.

చెయ్యకపోతే ఏం జరుగుతుందో చూడండి. కుడి ముందుది ఒక్కటే తిరగబడితే మొదటి పరీక్షలోనే దొరుకుతుంది. ముందువి రెండూ తిరగబడ్డాయనుకోండి: ముందు జత తమలో తాము కలిసే పనిచేస్తాయి, వెనక జతా అంతే, రెండు పరీక్షలూ పాసవుతాయి, నాలుగూ మోగితే మాత్రం బేస్ పోతుంది. నాలుగూ తిరగబడితే మూడు పరీక్షల్లోనూ దొరకదు, ఇప్పటికి నష్టమూ లేదు. సబ్‌వూఫర్ (బేస్ కోసమే ఉండే పెద్ద స్పీకర్) పెట్టిన రోజున బయటపడుతుంది. అందుకని చివరిమాట చెవిది కాదు, పెన్సిల్ సెల్‌ది. స్టీరియో వెనక కప్లర్ ఊడదీసి, ఆ స్పీకర్ వైరు జతకి 1.5 వోల్టుల సెల్ ఒక్క క్షణం తాకించండి. ప్లస్ అనుకున్న వైరుకి సెల్ ప్లస్ తగిలినప్పుడు కోన్ బయటికి దూకాలి. ఎవరో ఒకరు డోర్ దగ్గర కూర్చుని కోన్ మీద వేలి కొసలు ఆనించి చెప్పాలి. చిట్ మని కదిలి వెనక్కి పోతుంది. ట్వీటర్‌కి (ట్రెబుల్ పలికే చిన్న స్పీకర్) ముందు, సెల్ కరెంటుని ఆపే కెపాసిటర్ ఉంటుంది కాబట్టి అది ఈ పరీక్షకి పలకదు. కప్లర్ తీయకుండా మాత్రం సెల్ పెట్టొద్దు, స్టీరియోలోని చిప్ పోతుంది.

ఇక గాలి. కోన్ ముందుకి తోసిన గాలీ వెనక్కి తోసిన గాలీ కలిసిపోతే బేస్ అక్కడే చెల్లిపోతుంది. కంపెనీ స్పీకర్‌కి ప్లాస్టిక్ చట్రం, దాని వెనక స్పాంజి వలయం అతికే వస్తాయి. మనం కొత్త స్పీకర్ కూర్చోవడానికి రింగు వేసి బిగిస్తాం. రింగుకీ డోర్ రేకుకీ మధ్య అగ్గిపుల్ల పట్టే సందు చాలు, బేస్ పోవడానికి. పాట పెట్టి రింగు చుట్టూ తడిచేయి తిప్పండి. సందు ఉన్నచోట చల్లగా ఊదినట్టు తగులుతుంది. తలుపు సందులకి అంటించే 6 మిల్లీమీటర్ల ఫోమ్ టేపు రింగు వెనక ఒక చుట్టు, స్పీకర్ ముందంచుకీ డోర్ ప్యానెల్ జాలీకీ మధ్య ఇంకో చుట్టు వెయ్యండి. రెండో చుట్టు లేకపోతే ధ్వని జాలీలోంచి రాకుండా ప్యానెల్ వెనక్కి పోయి ప్లాస్టిక్‌ని దడదడలాడిస్తుంది.

రింగు ఎండీఎఫ్‌తో (చెక్కపొడి నొక్కి చేసిన బోర్డు) కోయించామని రాసినవాళ్లు ఈ వానాకాలం లోపే మార్చెయ్యండి. ఎండీఎఫ్ నీళ్లు తాగితే బిస్కట్టులా ఉబ్బుతుంది, స్క్రూలు లూజవుతాయి. డోర్‌లోకి నీళ్లు రావనుకోవడం పొరపాటు. అద్దం మీంచి జారిన వాన ప్రతి డోర్ లోపలా కారుతుంది. కారు కట్టిన తీరే అది. నేను వాడమనేది వంటింటి అరలకి వాడే 12 మిల్లీమీటర్ల పీవీసీ బోర్డు. దాంట్లో స్క్రూ పట్టు తక్కువ కాబట్టి ఈ వైపునుంచి ఆ వైపుకి రంధ్రం చేసి 5 మిల్లీమీటర్ల బోల్టు, నట్టు, వాషరు పెట్టాలి. బిగించేముందు అద్దం పూర్తిగా దించి మేగ్నెట్‌కి తగులుతుందేమో చూడడం మీకు తెలిసిందే.

డోర్ రేకు అదరకుండా అంటించే షీటు బ్యూటిల్‌దే (బంకలా అంటే రబ్బరు) కావాలి, 2 మిల్లీమీటర్లు చాలు. స్లాబు లీకులకి వేసే తారు టేపు చవక అని వాడకండి. మే నెలలో ఎండలో నిలిపిన కారు డోర్‌లో అది మెత్తబడి జారుతుంది, తారు వాసన నెలలపాటు పోదు. ఇంకొకటి: డోర్ అడుగంచులో నీళ్లు పోయే తూములు రెండో మూడో ఉంటాయి. వాటిమీద షీటు అంటిస్తే డోర్ చెరువవుతుంది. డోర్ వేసినప్పుడు లోపల గళగళమంటే అదే. పని అయ్యాక బయటనుంచి అద్దం మీద చెంబుడు నీళ్లు పోసి, నిమిషంలోపు డోర్ కింద చుక్కలు పడుతున్నాయో లేదో వంగి చూడండి. కంపెనీ వేసిన పాలిథీన్ తెరని దాని నల్ల బంకతోనే తిరిగి అంటించాలి. మామూలు టేపు ముసురు పట్టిన మూడు రోజులకే ఊడుతుంది. ఎయిర్‌బ్యాగ్ కోసం డోర్‌లో ప్రెషర్ సెన్సర్ ఉన్న కార్లలో ఆ తెరనీ, డోర్‌లోని కంపెనీ రంధ్రాలనీ ఉన్నవి ఉన్నట్టే ఉంచండి.

స్పీకర్ వెనక మేగ్నెట్ పైభాగాన సగం గిన్నెలా ఫోమ్ ముక్క పెట్టండి, ఇంటికి చూరులాగ. అద్దం మీంచి పడే చుక్క టెర్మినల్ మీద పడదు. వైరు పైనుంచి దిగి, టెర్మినల్ కంటే ఒక జానెడు కిందికి వేలాడి, మళ్లీ పైకి ఎక్కి కలవాలి. అప్పుడు వైరు వెంట జారిన నీరు ఆ వేలాడే చోట రాలిపోతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి, రొయ్యల చెరువుల గట్ల మీద రోజూ తిరిగే కార్లకి టెర్మినల్ ఏడాదిలోనే పచ్చగా చిలుము పడుతుంది. తగరం పూత ఉన్న లగ్గు (వైరు కొసకి నొక్కే రేకు తొడుగు), దానిమీద లోపల జిగురున్న హీట్‌ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) వెయ్యండి. నల్ల ఇన్సులేషన్ టేపు బంక వేడికి కరిగి జారిపోతుంది, అది వద్దు.

ఇవన్నీ సరిచేసుకున్నాక కూడా బేస్ చాలకపోతే, అప్పుడు ఆంప్లిఫయర్.

స్టీరియో మీద 50 వాట్లు ఇంటూ 4 అని రాసుంటుంది. దానికి దొరికేది 14.4 వోల్టులు. లోపలి చిప్ ఆ వోల్టేజి మొత్తాన్ని ఏ నష్టమూ లేకుండా వాడినా 4 ఓమ్‌ల స్పీకర్‌కి 26 వాట్లు దాటవు; నికరంగా చేరేది 20 దగ్గర. కంపెనీ స్పీకర్ కోన్ తేలిక కాబట్టి దానికి అది సరిపోయింది. కొత్తదాని కోన్ బరువు, దానికి ఎక్కువ కావాలి. నాలుగు చానెళ్లు, ఒక్కోటి 50 వాట్ల ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చే శక్తి) ఇచ్చే ఆంప్లిఫయర్ ఈ పనికి చాలు.

వైరింగ్ బొమ్మ ఆంప్లిఫయర్ పెట్టెలోనే ఉంటుంది, అది మళ్లీ రాయను. బొమ్మలో లేనివి మాత్రం: పవర్ వైరు 10 చదరపు మిల్లీమీటర్ల అసలు రాగిది. రాగిపూత పూసిన అల్యూమినియం చవకే, కానీ అల్యూమినియం రాగిలో మూడింట రెండొంతులు కూడా మొయ్యదు, పైగా మన గాలికి కొసల దగ్గర తెల్లబడి పొడి అవుతుంది. ఒక పోగు బ్లేడుతో గీకితే వెండిరంగు కనిపిస్తే తిరిగి ఇచ్చెయ్యండి. 40 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపు. గ్రౌండ్ వైరు కూడా అంతే లావు, అంతే కురచ. రంగు గీకిన వట్టి రేకు మీద బోల్టుతో బిగించి, బిగించాక పైన జింక్ ప్రైమర్ పూయండి. గీకి వదిలేస్తే రెండు వానల్లో తుప్పు, ఆ తర్వాత ఇంజన్ వేగంతో పాటు పెరిగే కీచుశబ్దం. ఆంప్లిఫయర్ సీటు కింద పెడితే తివాచీ మీద కాదు, తడి చెప్పుల నీళ్లు అక్కడికే చేరతాయి. రెండు అంగుళాలు ఎత్తు చెయ్యండి.

ఆంప్లిఫయర్ మీది గెయిన్ అనే మర గురించి గట్టిగానే రాస్తున్నాను. అది వాల్యూమ్ కాదు. షాపులో "ఫుల్లు పెట్టేశామండి, అదిరిపోద్ది" అని తిప్పి పంపుతారు. పది రోజులకి ట్వీటర్ మాడుతుంది, స్పీకర్ మంచిది కాదంటారు. గెయిన్ చేసే పని ఒక్కటే: స్టీరియో ఎన్ని వోల్టులు పంపితే ఆంప్లిఫయర్ తన పూర్తి శక్తి ఇవ్వాలో నిర్ణయించడం. ఒక స్టీరియో ఆర్‌సీఏలో (ఆంప్లిఫయర్‌కి పాట పంపే వైరు) 2 వోల్టులు ఇస్తుంది, ఇంకోటి 4. ఆ తేడా సర్దడానికి ఆ మర. ఫుల్లు తిప్పితే 0.2 వోల్టులకే పూర్తి శక్తి వచ్చేస్తుంది. అంటే వాల్యూమ్ మొదటి కొన్ని అంకెల్లోనే ఆంప్లిఫయర్ పని అయిపోయింది. ఆపైన ఎంత తిప్పినా శక్తి పెరగదు, అల తల తెగి బల్లపరుపవుతుంది. ఆ తెగిన అలలో పాటలో లేని పైస్థాయి ధ్వనులు పుడతాయి, అవి తిన్నగా ట్వీటర్‌కి పోతాయి. ట్వీటర్ మాడేది అందుకే. గెయిన్ తగ్గించినంత మాత్రాన వాట్లు తగ్గవు. ఈ ఒక్క మాట గోడమీద రాసుకోండి.

సెట్ చేసే పద్ధతి లెక్క ప్రకారం. వాట్లని ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే వోల్టులు. 50 వాట్లు, 4 ఓమ్‌లు: 200కి వర్గమూలం 14.1. స్పీకర్ ఆర్‌ఎంఎస్ 45 అయితే తక్కువదే లెక్క: 13.4. 60 అయినా ఆంప్లిఫయర్ ఇచ్చేది 50 కాబట్టి 14.1 మించొద్దు. స్పీకర్ వైర్లు ఊడదీయండి. ఈక్వలైజర్ అంతా సున్నా, బేస్ బూస్టు, లౌడ్‌నెస్ ఆపు. వాల్యూమ్ 40కి 30. పెన్‌డ్రైవ్ నుంచి 0 డీబీ (రికార్డింగులో పట్టే అత్యధిక స్థాయి), 300 హెర్ట్జ్ టోన్ (ఒకే స్థాయిలో మోగే ధ్వని) పెట్టి, మల్టీమీటర్ ఏసీ వోల్టుల్లో ఉంచి ఆంప్లిఫయర్ స్పీకర్ టెర్మినళ్లకి తాకించి, గెయిన్ సున్నా నుంచి మెల్లగా 14.1 వరకు తిప్పండి. 1000 హెర్ట్జ్ టోన్ వాడమని చాలామంది చెప్తారు. చవక మీటర్లు 400 హెర్ట్జ్ దాటితే తక్కువ చూపిస్తాయి. మీరు అది నమ్మి ఇంకా తిప్పుతారు, మళ్లీ అదే ముప్పు. 5 డీబీ తక్కువ టోన్‌తో సెట్ చేసేవాళ్లున్నారు, పాత పాటలు గట్టిగా వినిపించడానికి. నాకు 0తోనే నమ్మకం. డోర్ స్పీకర్లకి హైపాస్ (కింది ధ్వనిని ఆపే వడపోత) 80 హెర్ట్జ్.

అభ్యాసం. ఒక ఆదివారం పూర్తిగా పడుతుంది. 40 నుంచి 200 హెర్ట్జ్ దాకా 5 హెర్ట్జ్ చొప్పున 33 టోన్లు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించండి. హైపాస్ తాత్కాలికంగా తీసేసి, 80 కంటే కింది టోన్లకి వాల్యూమ్ సగానికి దించండి. బ్యాలెన్స్, ఫేడర్ తిప్పి ఒక్కో డోర్‌నే మోగిస్తూ ఏ టోన్‌కి ఏది అదురుతోందో రాయండి: తాళం కడ్డీ, అద్దం మోటారు వైరు, ప్యానెల్ క్లిప్పు. నాలుగు డోర్లకి పట్టికలో 132 గడులు. అదిరే చోట గట్టిగా అరచేతితో నొక్కితే ఆగిందంటే అక్కడే గుడ్డ టేపు చుట్టాలి. తెల్లవారి చల్లదనంలో ఒకసారి, మధ్యాహ్నం ఎండలో ఒకసారి చెయ్యండి. ప్లాస్టిక్ వేడికి పెరిగి ఉదయం అదిరినది మధ్యాహ్నం అదరదు. హైపాస్ తిరిగి 80కి పెట్టాక, పక్కన వినేవాళ్లని కూర్చోబెట్టుకుని జొన్నాడ – రావులపాలెం మధ్య గౌతమి వంతెన దాటండి. పాట ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి. జాయింట్ల మీద పాట లేకుండానే వచ్చే అదురు స్పీకర్లది కాదు, దాన్ని మీ పట్టికలోంచి కొట్టెయ్యండి. మిగిలిన గడులే పంపండి, సబ్‌వూఫర్ పాఠం వాటితో మొదలుపెడతాను.