ఇజ్రాయెల్ వార్త చూసి లొల్లి పెట్టుకునే ముందు కాయితం ఎట్ల చూడాలె

మొన్న పొద్దుగాల హన్మకొండల కోర్టు దగ్గరి చాయ్ హోటల్ల ఇద్దరు పెద్దమనుషులు కొట్టుకునేదాంక పోయిన్రు. ఒకాయనేమో హేగ్ కోర్టు నెతన్యాహు మీద అరెస్ట్ వారెంట్ ఇచ్చింది అంటడు, ఇంకొకాయన ఏయ్ ఊకో, కేసు ఇంకా నడుస్తనే ఉన్నది, తీర్పే రాలే అంటడు, చాయ్ చల్లగైతున్నది గని ఇద్దరు తగ్గుతలేరు. తమాషా ఏందంటే ఇద్దరు చెప్పేది కరెక్టే. నెదర్లాండ్స్ దేశంల హేగ్ అనే ఒక్క ఊర్లె రెండు కోర్టులున్నయి, రెండు వేరే వేరే కేసులు. ఈ ఒక్క ముక్క తెలిస్తే ఆ లొల్లే లేదు.

నాది ఇరవై ఏండ్ల సంది భూమి దరఖాస్తులు, నోటీసులకు జవాబులు రాసుడే పని. ఎవలన్న వచ్చి అన్నా మా భూమి పోయింది అంటే నేను మొదలు ఏడ్పు వినను, కాయితం తియ్యి అంట. ఎవరిచ్చిన కాయితం, ఎన్నడిచ్చిన్రు, అది ఎవలి మీద చెల్లుతది. ఇజ్రాయెల్ వార్తలు గూడ నేను గట్లనే చదువుత. గ్రూప్స్ ప్రిపేర్ అయ్యే మా అక్క కొడుకు జెర రాసియ్యి మామా అన్నడు, అందుకే ఇది.

ముందుగాల కోర్టు ఏదో చూడుండ్రి. అంతర్జాతీయ న్యాయస్థానం అంటే దేశం మీద దేశం ఏసే కేసు, మన సివిల్ కోర్టు లెక్క అనుకోండ్రి, 15 మంది జడ్జీలుంటరు, యూఎన్ ది. దక్షిణాఫ్రికా 2023 డిసెంబర్ 29 నాడు ఇజ్రాయెల్ మీద కేసు ఏసింది ఇండ్లనే, జాతి హననం ఒప్పందాన్ని గాజాల ఉల్లంఘించిందని. 2024 జనవరి 26 నాడు కోర్టు తాత్కాలిక ఆదేశాలిచ్చింది, మన జడ్జి దల్వీర్ భండారీ గూడ మెజారిటీతోనే ఓటేసిండు. టీవీలల్ల చాన మంది దాన్నే తీర్పు అన్నరు, అది తీర్పు కాదు. మన దగ్గర ఇంజంక్షన్ ఆర్డర్ వస్తే ఏమైతది, కేసు తేలేదాంక ఆ భూమిల ఎవలు గట్టు కొట్టొద్దు అని, అంతేగని భూమి నీదే అని కాదు కదా. ఇది గూడ గంతే. కోర్టు జాతి హననం జరిగిందని అనలే, జరగలేదని గూడ అనలే, రక్షించాల్సిన హక్కులున్నట్టు కనవడుతున్నయి, అందుకని ఇవి ఇవి చెయ్యి, ఇవి ఇవి చెయ్యకు అన్నది.

రెండోది అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు. ఇది దేశాల మీద కాదు, మనుషుల మీద. 2002ల మొదలైంది, రోమ్ ఒప్పందం మీద సంతకం పెట్టి ఖాయం చేసిన దేశాలకే చెల్లుతది. 2024 నవంబర్ 21 నాడు నెతన్యాహు మీద, మాజీ రక్షణ మంత్రి గాలంట్ మీద, హమాస్ కమాండర్ దైఫ్ మీద వారెంట్లు ఇచ్చింది ఈ కోర్టే. మరి ఇజ్రాయెల్ ఇండ్ల మెంబరే కాదు గదా అంటరు, నిజమే, కని పాలస్తీనా 2015ల మెంబరయ్యింది, ఆ గడ్డ మీద జరిగిన నేరం కాబట్టి మాకు అధికారం ఉన్నది అనేది కోర్టు మాట, లేదు అనేది ఇజ్రాయెల్ మాట. మనోళ్లు గూడ ఇండ్ల మెంబర్లు కారు, యాదిపెట్టుకోండ్రి. పోలీసులు ఆ కోర్టుకు సొంతంగ లేరు, మెంబరు దేశమే పట్టియ్యాలె.

ఇగ చాన మంది బోల్తా పడేది ఇక్కడ: అదే న్యాయస్థానం కేసు కాకుండ సలహా అభిప్రాయం గూడ ఇస్తది. యూఎన్ అడుగుతది, అయ్యా దీని మీద చట్టం ఏమంటది అని, వాళ్లు చెప్తరు. మనం బ్యాంకుల లోన్ కు పోతే లాయర్ తోని లీగల్ ఒపీనియన్ తెమ్మంటరు చూడుండ్రి, గట్ల. లాయర్ ఒపీనియన్ ఆర్డర్ కాదు, దాని మీద ఎవల్ని జైల్ల ఎయ్యరు, కని టైటిల్ సాఫ్ లేదు అని రాసిండంటే ఇగ ఏ బ్యాంకు నీకు పైసలియ్యదు. 2004 జులై 9 నాడు జోర్డాన్ నది పక్క పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంక్ లోపట ఇజ్రాయెల్ కట్టిన గోడ చట్టానికి విరుద్ధం అన్నది గట్లనే, 2024 జులై 19 నాడు 1967ల ఆక్రమించిన పాలస్తీనా ప్రాంతాలల్ల ఇజ్రాయెల్ ఉండుడే అక్రమం, తొందరగ వెళ్లిపోవాలె అన్నది గూడ గట్లనే. దాని మీద యూఎన్ సాధారణ సభ సెప్టెంబర్ 18 నాడు 12 నెలల్ల పోవాలె అని తీర్మానం చేసింది, 124 దేశాలు అవును అన్నయి, 14 కాదన్నయి, 43 చేతులు ముడుచుకున్నయి. ఆ 43ల మనం ఉన్నం.

సరే తీర్మానం అన్నం కాబట్టి, అది ఏ ఇంట్ల నుంచి వచ్చిందో చూసుడు నేర్చుకోవాలె. గ్రామసభ తీర్మానం వేరు, కలెక్టర్ ఆర్డర్ వేరు. సాధారణ సభల దేశానికొక ఓటు, ఎక్కువ భాగం సిఫారసులే. భద్రతా మండలి ఒప్పుకున్న నిర్ణయాలకే బలం, అండ్ల గూడ అయిదుగురు పెద్దోళ్లకు వీటో. గుర్తు పట్టుడు అల్కగనే ఉంటది, యూఎన్ కాయితం మీద నంబరు ఎస్ అనే అక్షరంతోని మొదలైతే భద్రతా మండలి, ఏ తోని మొదలైతే సాధారణ సభ. 1947 నవంబర్ 29 నాటి 181 నంబరు, పాలస్తీనాను రెండు రాజ్యాలు చెయ్యాలన్నది, అది ఏ తోనిదే. 33 అవును, 13 కాదు, 10 తటస్థం, మన దేశం కాదన్న 13ల ఉండె. వాట్సప్ల మాత్రం యూఎన్ రాసిచ్చింది, పట్టా ఇచ్చింది అని తిరుగుతనే ఉంటది. పట్టా కాదు అది, పంచాయితి పెద్దలు పంచుకోండ్రి అని చెప్పిన మాట, ఒక పక్క యూదు నాయకులు ఒప్పుకున్నరు, ఇంకో పక్క అరబ్బులు ఒప్పుకోలే, తర్వాత యుద్ధం.

2334 నంబరు మాత్రం ఎస్ తోనిది, 2016 డిసెంబర్ 23, ఆక్రమించిన పాలస్తీనా భూమిల ఇజ్రాయెల్ కట్టుకున్న ఊర్లకు, అంటే సెటిల్‌మెంట్లకు, చట్టబద్ధత లేదు అన్నది, 14 ఓట్లు అటు, వ్యతిరేకం సున్న. అమెరికా వీటో ఎయ్యక ఊకున్నది, అది వార్త అయ్యింది.

భద్రతా మండలి అంటే మనకు దూరం అనుకోకుండ్రి. 1948 ఆగస్టుల నిజాం గూడ మన హైదరాబాద్ సంస్థానం కేసును అక్కడికే పట్కపోయిండు, వరంగల్ గూడ అప్పుడు ఆ సంస్థానంల ముక్కనే గదా. మండలి కూసోని ఫైల్ తెరిచేది సెప్టెంబర్ 16, ఇక్కడ 17 నాడు పని అయిపోయింది. అదే 17 నాడు జెరూసలెంల యూఎన్ మధ్యవర్తి కౌంట్ బెర్నడాట్ ను లెహీ అనే గుంపు కాల్చి చంపింది. దాని మీదనే 1949ల న్యాయస్థానం, తన మనిషిని చంపితే యూఎన్ గూడ నష్టపరిహారం అడగొచ్చు అని చెప్పింది. ఒక్క తారీఖు, రెండు ఊర్లు. మా తాత పోలీస్ యాక్షన్ ముచ్చట చెప్పినప్పుడల్లా నాకు ఇదే యాదికొస్తది.

ఇప్పుడు అసలు ముచ్చట, గీత. మ్యాప్ల గీత కనవడంగనే సరిహద్దు అనుకోవద్దు. 1949ల ఈజిప్టు, లెబనాన్, జోర్డాన్, సిరియాలతోని ఇజ్రాయెల్ చేసుకున్నయి యుద్ధ విరామ ఒప్పందాలు. పచ్చ సిరాతోని గీసిన గీత కాబట్టి గ్రీన్ లైన్ అన్నరు. ఈజిప్టు ఒప్పందంల సాఫ్ సీదా రాసుకున్నరు, ఈ గీత రాజకీయ సరిహద్దు కాదు అని. లెబనాన్ పక్క బ్లూ లైన్ గూడ సరిహద్దు కాదు, 2000ల ఇజ్రాయెల్ సైన్యం వెనక్కి పోయిందా లేదా అని చూసుకునుటానికి యూఎన్ గీసింది, నీలం రంగు డ్రమ్ములు పెట్టుకుంట పోయిన్రు, మన జవాన్లు గూడ అక్కడ డ్యూటీ చేసిన్రు. 1967 జూన్ల ఆరు రోజుల యుద్ధంల ఇజ్రాయెల్ చేతికొచ్చిన వెస్ట్ బ్యాంక్, గాజా, సిరియా దిక్కు గోలన్, ఈజిప్టు దిక్కు సినాయ్ ఇవన్ని కబ్జా సంగతులు. కబ్జాల ఉన్నోడికి పట్టా వచ్చినట్టు కాదు అనేదే అంతర్జాతీయ చట్టం మూల సూత్రం. గోలన్ ను 1981ల ఇజ్రాయెల్ తన చట్టంల కలుపుకుంటె భద్రతా మండలి 497 నంబరుతోని చెల్లదు అన్నది. 2019ల అమెరికా ఒక్కటే ఒప్పుకున్నది.

ఇజ్రాయెల్ వాదన గూడ వినాలె, ఎదుటోని కౌంటర్ చదువకుండ రాసేటోడు ఏం రైటర్. వాళ్లు ఏమంటరంటే వెస్ట్ బ్యాంక్ అంతకుముందు జోర్డాన్ ది అని ప్రపంచంల దాదాపు ఎవ్వలు ఒప్పుకోలే, అంటే అసలు పట్టాదారుడే లేని భూమి, మరి ఎవలి భూమి కబ్జా పెట్టినట్టు, ఆక్రమణ కింద ఉన్న జనాన్ని కాపాడే జెనీవా ఒప్పందం ఇక్కడ ఎట్ల వర్తిస్తది అని. 2004ల న్యాయస్థానం ఈ వాదన ఒప్పుకోలే. నా లెక్కల ఆ వాదన తెలివైందే గని నిలవడది, ఎందుకంటే ఆ ఒప్పందం భూమి యజమాని కోసం రాసింది కాదు, ఆ భూమి మీద బతికే జనం కోసం రాసింది. అదే ఏడాది జూన్ల ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు గూడ గోడ కొన్ని చోట్ల ఊరోళ్లకు అతి నష్టం చేస్తున్నది, పక్కకు జరుపుండ్రి అన్నది. ఇది మనోళ్లకు చాన మందికి తెల్వదు.

గీత పంచాయితి చట్టంతోని తెగుడు చూడాలంటే తాబా చూడుండ్రి. నాకు మస్తు నచ్చిన కేసు. 1979 మార్చి 26 శాంతి ఒప్పందం ప్రకారం సినాయ్ మొత్తం 1982 ఏప్రిల్ల ఈజిప్టుకు వాపస్ వచ్చింది, ఒక్క చిన్న సముద్రం ఒడ్డు తప్ప. అక్కడ ఇజ్రాయెలోళ్లు హోటల్ కట్టుకున్నరు, ఇది మా దిక్కే వస్తది అన్నరు. లొల్లి దేని మీదనంటే హద్దురాళ్లు. 1906ల ఉస్మానియా టర్కీకి, ఈజిప్టుకు నడుమ గీసిన లైన్, రఫా నుంచి తాబా దాంక రాళ్లు. అండ్ల 14 రాళ్ల జాగ మీద తకరారు, అన్నిట్ల ముఖ్యమైంది 91వ నంబరు రాయి, అది ఎక్కడుంటే హోటల్ అటు పోతది. మాకు గూడ పరకాల దిక్కు పాలోళ్లతోని ఇదే పంచాయితి నడిచింది, రాయి జరిగింది అంటె జరగలే అని, సర్వేయర్ వచ్చి గొలుసు పట్టి టిప్పన్ తీసేదాంక మా పెద్దనాయిన వాళ్లింట్ల నీళ్లు గూడ తాగలే. వాళ్లు గూడ గదే చేసిన్రు, పాత మ్యాపులు, పాత ఫోటోలు తీసుకొని జెనీవాల అయిదుగురు మధ్యవర్తుల ముంగట కూసున్నరు. 1988 సెప్టెంబర్ 29 నాడు 4-1తోని తీర్పు, కొన్ని రాళ్లు ఇజ్రాయెల్ చెప్పిన చోట్నే అన్నరు, 91 మాత్రం ఈజిప్టు చెప్పిన చోటు. 1989 మార్చిల తాబా అప్పజెప్పి పోయింది ఇజ్రాయెల్, ఒక్క తుపాకి పేలలే. ఎందుకు పని చేసిందంటే ఇద్దరు ముందుగాల్నే సంతకం పెట్టిన్రు, తీర్పుకు కట్టుబడి ఉంటమని. ఆ సంతకం ఉన్నదా లేదా అని ప్రతి వార్తల వెతుకుండ్రి.

మాటలు గూడ అక్షరం అక్షరం చదవాలె. 1967 నవంబర్ 22 నాటి 242 తీర్మానం, ఇజ్రాయెల్ సైన్యం యుద్ధంల ఆక్రమించిన ప్రాంతాల నుంచి పోవాలె అంటది. ఇంగ్లీషుల ప్రాంతాలు అనే మాట ముంగట ది (the) అనే మాట లేదు, అందుకే అన్ని ప్రాంతాలని కాదు అని ఇజ్రాయెల్ అంటది, ఫ్రెంచిల ఆ మాట ఉన్నది కాబట్టి అన్నీ అని అరబ్బులు అంటరు. తెలుగుల మనకు ఆ ది అనేదే లేదు, అందుకే తెలుగు పేపర్ల చదివినోడికి ఆ లొల్లి ఎందుకో అర్థమే కాదు. అదే తీర్మానం మొదట్లనే యుద్ధంతోని భూమి సంపాదించుకునుడు చెల్లదు అని గూడ ఉన్నది. దస్తావేజుల 214 సర్వే నంబర్ల భూమి అని రాసి, మొత్తమా కొంతా రాయకపోతే కోర్టుల పదేండ్లు తిరుగుడే, వీళ్లు యాభై ఏండ్లు దాటి తిరుగుతున్నరు.

ఒప్పందాలల్ల గడువు చూడుండ్రి. 1994ల జోర్డాన్ ఒప్పందంల బాకూరా, ఘమ్ర్ అనే రెండు ముక్కలు జోర్డాన్ వి అని ఒప్పుకొని 25 ఏండ్లు ఇజ్రాయెలోళ్లు సాగు చేసుకునేటట్టు రాసుకున్నరు, ఏడాది ముందు నోటీసిస్తే అయిపోతది. జోర్డాన్ 2018ల నోటీసిచ్చింది, 2019 నవంబర్ల తీసుకున్నది. లెబనాన్ తోని 2022 అక్టోబర్ 27 నాటి సముద్ర హద్దు ఇంకో తీరు, ఒకరినొకరు దేశంగ గుర్తించకుండనే, ఒక్క కాయితం మీద ఇద్దరి సంతకాలు లేకుండ ఎవలి కాయితం వాళ్లు ఇచ్చుకున్నరు. ముఖం చూసుకోని అన్నదమ్ములు వీఆర్వోకు వేరే వేరే వాంగ్మూలం ఇచ్చినట్టు.

ఇప్పుడు చేసి చూడుండ్రి. ఫోన్ల ఒక హెడ్డింగ్ వచ్చింది అనుకోండ్రి, వెస్ట్ బ్యాంక్ ఖాళీ చెయ్యాలని ఇజ్రాయెల్ కు ప్రపంచ కోర్టు ఆదేశం. ప్రపంచ కోర్టు అంటే రెండిట్ల ఏది? న్యాయస్థానం. కేసా, సలహానా? సలహా, కాబట్టి ఆదేశం అనే మాట తప్పు, అభిప్రాయం అని దిద్దుకోండ్రి. ఎవలు అడిగిన్రు? సాధారణ సభ. ఇజ్రాయెల్ ముందుగాల సంతకం పెట్టిందా కట్టుబడతనని? లేదు. మరి ఎవలికి పని పడ్డది? మిగతా దేశాలకు, ఆ ఉనికిని చట్టబద్ధమని గుర్తించొద్దు, అది నడిచేటట్టు సాయం చెయ్యొద్దు అని అండ్ల రాసి ఉన్నది, మనకు గూడ. ఇది చదువంగనే మా అక్క కొడుకు అడిగిండు, మరి మనం ఆ 43ల ఎందుకున్నం మామా అని. అది కాయితంల దొరకది, దానికి ఇంకో చాయ్ చెప్పాలె అన్న.