నడుస్తూ నడుస్తూ ఆగిపోయే పాత కారులో లోపాన్ని పట్టుకోవడం ఎలా?

పాత కారు దారి మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోయి, పావుగంట తర్వాత ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్ట్ అయిందంటే, చాలామంది అనుమానం వచ్చిన భాగాన్నల్లా వరుసగా మార్చుకుంటూ పోతారు. ఫ్యూయల్ పంప్ మారుతుంది, కాయిల్ మారుతుంది, ప్లగ్గులు మారతాయి, కారు మాత్రం మళ్లీ ఆగుతుంది. ఇంజన్ చక్కగా నడుస్తున్నప్పుడు చేసిన పరీక్షకు ఇలాంటి లోపం సాధారణంగా దొరకదు. కారు ఆగి, ఇంజన్ ఇంకా వేడిగా ఉన్న ఆ కొద్ది నిమిషాల్లోనే దాన్ని పట్టుకోవాలి. ఇక్కడ చెప్పేది ఫ్యూయల్ ఇంజెక్షన్ (కంప్యూటర్ కొలిచి ఇంధనాన్ని ఇంజన్‌లోకి చిమ్మే పద్ధతి) ఉన్న పెట్రోల్ కార్లకు వర్తిస్తుంది.

డిజిటల్ మల్టీమీటర్, స్పార్క్ టెస్టర్, ఫ్యూయల్ ప్రెషర్ గేజ్, టార్చ్‌లైట్, ఒక నోట్‌బుక్ కారులో ఉంచుకోవాలి. కారు కంప్యూటర్‌లో నమోదైన లోపం కోడ్‌లను చదివే స్కానర్ ఉంటే మంచిదే. నోట్‌బుక్ మాత్రం తప్పనిసరి, అందులోనూ కాగితం పుస్తకమే కావాలి.

ముందు తేలిక పనులు ముగించండి. బ్యాటరీ టెర్మినళ్లను శుభ్రం చేసి బిగించాలి. బ్యాటరీ నుంచి బాడీకి, ఇంజన్‌కు వెళ్లే ఎర్త్ వైర్లను చూడాలి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర సుమారు 13.8 నుంచి 14.5 వోల్టులు ఉండాలి. కారు వేగం తగ్గించినప్పుడో సిగ్నల్ దగ్గరో మాత్రమే ఆగుతుంటే ఇంజన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీని, యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ వేగాన్ని నిలిపే ఐడిల్ కంట్రోల్ వాల్వ్‌ను శుభ్రం చేసి, ఎక్కడైనా వాక్యూమ్ గొట్టం పగిలిందేమో చూడండి. ఆ రకం లోపం చాలావరకు అక్కడే తీరిపోతుంది.

వేగంగా వెళ్తుండగా ఆగితే, అది ఎలా ఆగిందో రాసుకోవాలి. తాళం తిప్పి ఆపేసినట్టు ఒక్కసారిగా ఆగిపోతే మొదట విద్యుత్ వైపు చూడాలి. ముందుగా కుదుపులిచ్చి, బలం తగ్గుతూ ఆగితే ఇంధనం వైపు చూడాలి. ఇంజన్ ఆగినప్పుడు బ్యాటరీ, ఆయిల్ దీపాలు వెలగడం సహజం. అలా కాక డాష్‌బోర్డు మొత్తం చీకటైపోతే ఇగ్నిషన్ స్విచ్‌ను, బ్యాటరీ కనెక్షన్లను అనుమానించాలి. తాళానికి బరువైన గుత్తి వేలాడదీసే అలవాటు ఉన్న కార్లలో ఆ స్విచ్ లోపలి కాంటాక్టులు అరిగిపోవడం కొత్తేమీ కాదు.

కారు ఆగిన క్షణంలో స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేక్‌ను తేలిగ్గా తొక్కనిచ్చే బ్రేక్ బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు తొక్కులకే సరిపోతుంది. కాబట్టి బ్రేక్‌ను మాటిమాటికీ వదిలి తొక్కకుండా ఒకే ఒత్తిడితో పట్టి ఉంచి, హజార్డ్ దీపాలు వేసి రోడ్డు పక్కకు రావాలి. కారు కదులుతున్నంతసేపూ తాళాన్ని బయటికి తీయకూడదు, తీస్తే స్టీరింగ్ లాక్ అయ్యే ప్రమాదం ఉంది. వాహనాల రద్దీ ఉన్న చోట పరీక్షలు మానుకోండి.

అసలు కష్టమంతా ఇక్కడి నుంచే. తాళాన్ని ఆన్ చేసి, స్టార్టర్ తిప్పకుండా వినండి. చాలా కార్లలో పంప్ రెండు సెకన్ల పాటు సన్నగా మోగి ఆగుతుంది. ఆ తర్వాత స్టార్టర్ తిప్పుతూ ఆర్‌పీఎం ముల్లును గమనించండి. ఎక్కువ కార్లలో ముల్లు కొద్దిగా లేస్తుంది. ఇంజన్ తిరుగుతున్నా ముల్లు సున్నా నుంచి కదలకపోతే, ఇంజన్ తిరుగుతోందని కంప్యూటర్‌కు తెలిపే క్రాంక్ సెన్సర్ సంకేతం అందడం లేదని అనుమానించాలి. అయితే కారు బాగున్న రోజున ఆ ముల్లు ఎలా ప్రవర్తిస్తుందో ముందే చూసి రాసుకుని ఉండాలి. అది తెలియకుండా ఈ పరీక్షకు విలువ లేదు.

పంప్ మీద అన్యాయంగా నింద పడేది సరిగ్గా ఈ దశలోనే. క్రాంక్ సెన్సర్ సంకేతం పోతే కంప్యూటర్ స్పార్క్‌తో పాటు పంప్‌ను కూడా ఆపేస్తుంది. అందుకే స్టార్టర్ తిప్పుతున్నప్పుడు ఇంధన ఒత్తిడి లేదని చెప్పి పంప్ పాడైందని తీర్మానించకూడదు. స్పార్క్ కూడా చూడాలి. స్పార్క్ ఉండి, ఒత్తిడి లేకపోతే పంప్ కనెక్టర్ దగ్గర వోల్టేజి కొలవండి, అదీ స్టార్టర్ తిప్పుతుండగానే. బ్యాటరీ వోల్టేజి అక్కడికి చేరుతున్నా పంప్ తిరగకపోతే పంపో దాని ఎర్తో కారణం. వోల్టేజి చేరకపోతే రిలే (పంప్‌కు కరెంటును కలిపి విడదీసే స్విచ్), ఫ్యూజు, వైరింగ్ చూడాలి. పాత రిలేల్లో టంకం సన్నగా చిట్లి, వేడెక్కగానే విడిపోవడం, చల్లారగానే కలవడం తరచుగా జరుగుతుంది. స్పార్క్, ఒత్తిడి రెండూ లేకపోతే క్రాంక్ సెన్సర్, కంప్యూటర్‌కు కరెంటు అందించే మెయిన్ రిలే, ఇగ్నిషన్ స్విచ్ వరుసగా చూడాలి.

స్పార్క్‌ను టెస్టర్‌తోనే చూడాలి. ప్లగ్ వైరును ఊడదీసి గాల్లో పట్టుకుంటే షాక్ కొడుతుంది, స్పార్క్‌ను నడిపించే ఇగ్నిషన్ మాడ్యూల్ కూడా కాలిపోవచ్చు. ఆగిన ఇంజన్‌లోనూ ఇంధన గొట్టంలో ఒత్తిడి నిలిచి ఉంటుంది కాబట్టి, రోడ్డు పక్కన వేడి ఇంజన్ మీద ఆ గొట్టాన్ని విప్పకూడదు. ప్రెషర్ గేజ్‌ను ఇంటి దగ్గర చల్లని ఇంజన్‌కు బిగించి ఉంచితేనే ఒత్తిడి పరీక్ష చేయాలి.

మొదట స్కానర్ పెట్టమనేవారితో నేను ఏకీభవించను. పాత కారు ఆగినా లోపం కోడ్ నమోదు కాకపోవచ్చు. నమోదైనా అది ఒక సర్క్యూట్‌ను చూపుతుందే తప్ప పాడైన భాగాన్ని కాదు. సెన్సర్ కోడ్ వచ్చిందని సెన్సర్ మార్చి, దాని కనెక్టర్‌లోని తుప్పును వదిలేస్తే కారు మళ్లీ అదే చోట ఆగుతుంది.

క్రాంక్ సెన్సర్ మీద అనుమానం స్థిరపడితే కారును ఇంటికి తెచ్చి, చల్లని సెన్సర్‌ను హెయిర్ డ్రయ్యర్‌తో జాగ్రత్తగా వేడి చేసి, కారు స్టార్ట్ అవుతుందో లేదో చూడండి. రెండు వైర్ల సెన్సర్ అయితే వేడికి ముందూ తర్వాతా నిరోధం కొలిచి, కారు సర్వీస్ మాన్యువల్‌లోని విలువతో పోల్చండి. మూడు వైర్ల హాల్ సెన్సర్‌ను (లోపల ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉండే రకం) నిరోధం కొలిచి తేల్చలేరు, అందులో సిగ్నల్ వైరు వోల్టేజే చూడాలి. ఆ తర్వాత ఇంజన్ నడుస్తుండగా కనెక్టర్‌ను, వైరింగ్‌ను చేత్తో మెల్లగా కదిలించండి. కదిలించగానే ఇంజన్ ఆగితే లోపం ఆ చోటే ఉందన్నమాట, సెన్సర్ కొనాల్సిన పని లేదు.

భాగం మార్చాక కారును మునుపు ఆగిన పరిస్థితుల్లోనే, అంతే వేడిలో, అంతే దూరం నడిపి చూడండి. నోట్‌బుక్‌లో తేదీ, మార్చిన భాగం రాసుకోండి.