జేసీబీ పట్టని సందులోంచి రాతి గుండు జరపాలంటే

హన్మకొండ వైపు ఇల్లు కట్టుకునేవాళ్లు తోటకని రాయి కొనక్కర్లేదు, పునాది తవ్వితే అదే బయటపడుతుంది, ఊరి పేరే ఓరుగల్లు, అంటే ఒంటి రాయి కదా. మాకు వచ్చిన గుండు ఆర్నెల్లు గేటు పక్కనే పడి ఉంది. వెనక మామిడి చెట్టు కిందికి తీసుకుపోదామంటే పక్క సందు వెడల్పు నాలుగడుగులే.

ముందు బరువు లెక్క వేయండి. పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో గుణించి, మూలలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి మూడింట రెండొంతులు తీసుకుని, ఘనపుటడుగుకు 75 కిలోలు వేస్తే గ్రానైట్ బరువు దాదాపు తెలిసిపోతుంది. మాది 3, 2, 1.5 అడుగులు, అంటే 450 కిలోలు. నలుగురం పట్టి లేపేద్దాం అన్న బామ్మర్ది ఈ లెక్క విని చాయ్ తాగుతూ కూర్చున్నాడు. టన్ను దాటితే ఇదంతా వద్దు, క్రేన్ పిలవండి.

అసలు రాయిని ఎత్తే పనే పెట్టుకోవద్దు, ఒక అంచు లేపి కింద చెక్క దూర్చాలి, అంతే. ఐదడుగుల గడ్డపార మొన రాయి కిందికి పోనిచ్చి, మొనకు అర అడుగు దూరంలో గట్టి రాయి ముక్క ఆనించి, పైకొసను కిందికి నొక్కితే మీ బలం తొమ్మిదింతలవుతుంది. 40 కిలోలు నొక్కితే 360 కిలోలు. ఒక అంచే లేస్తుంది కాబట్టి మాకు అంత కూడా అక్కర్లేకపోయింది. అంగుళం లేవగానే చెక్క ముక్కను కర్రతో తోయండి, వేళ్లు పెట్టొద్దు. మొదటిసారి లేపేటప్పుడు కింద తేళ్లుంటాయి, చెప్పుల కాళ్లతో నిలబడకండి. ఒకసారి ఇటు, ఒకసారి అటు లేపుతూ నాలుగైదు అంగుళాలు వచ్చేదాకా ఓపిక పట్టాలి, పనంతా ఇక్కడే ఉంది.

తర్వాత కింద రెండు మందపాటి పలకలు, వాటి మీద అడ్డంగా నాలుగు జీఐ ఇనుప పైపులు. ఇద్దరు ముందు నుంచి తాడు లాగుతారు, ఒకరు వెనక గడ్డపారతో తోస్తారు, వెనక బయటపడ్డ పైపును ఇంకొకరు ముందుకు తెచ్చి వేస్తారు. వాలు ఉంటే ముందు ఎవరూ ఉండొద్దు, వెనక చెట్టుకో స్తంభానికో తాడు ఒక చుట్టు వేసి మెల్లగా వదలండి.

దారిలో సంపు, సెప్టిక్ ట్యాంకు ఎక్కడున్నాయో ముందే చూసుకోండి. మేం చూసుకోలేదు. సందు సగం దాటాక పలక కింద పటక్కుమని వినిపించింది, చూస్తే సంపు మూత ఈ కొస నుంచి ఆ కొసకి పగిలి ఉంది.

గుంత ముందే తవ్వి, మొరం పోసి, దిమ్మిసతో గట్టిగా కొట్టి పెట్టుకోండి. రాయి మూడో వంతు భూమిలోకి పోవాలి, లేకపోతే లారీలోంచి జారిపడ్డట్టు కనిపిస్తుంది. ఏ ముఖం బయటికి ఉండాలో దింపకముందే తేల్చుకోండి, గుంతలో పడ్డాక తిప్పడం నరకం. మాది దిగేటప్పుడు సగం చుట్టు తిరిగింది, సుద్దముక్కతో గుర్తు పెట్టుకున్న మంచి ముఖం ఇప్పుడు ప్రహరీ గోడ వైపు ఉంది.