పాత మఠం వడ్ల అర్ర కప్పు కారుతుంటే: డంగు సున్నం పని

రాతి స్తంభాలు, వాటి మీద దూలాలు, ఆపైన పరుపుబండలు, అన్నిటికీ మీద సున్నం గచ్చు. నల్లగొండ, పాలమూరు దిక్కు పాత మఠం ధాన్యపు అర్ర ఈ తీరుగా కట్టినదైతే కారేది బండ కాదు, బండల సందు. లోపల చెమ్మ కనిపించిన చోటే పైన బొక్క ఉందనుకోవద్దు. నీళ్లు బండ అడుగున పాకి దూలం తగిలిన చోట జారతాయి. అందుకే పల్లం వైపు నుంచి మొదలుపెట్టి కొద్దికొద్ది జాగాలో నీళ్లు పోసి, లోపల ఒకరిని నిలబెట్టి చూడాలి.

ముందు అనుమతి సంగతి. అలంపురం నవబ్రహ్మ ఆలయాల్లాంటి కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త కట్టుబడి నిషేధం, మరమ్మతుకైనా అనుమతి కావాలి. ఆ తర్వాతి 200 మీటర్లలో కొత్త కట్టుబడికైనా, మరమ్మతుకైనా అనుమతి తీసుకోవాలి.

సందులో రావి మొలక ఉంటే గుంజొద్దు, బండ కదులుతుంది. చుట్టూ గచ్చు తవ్వి, వేరును ముక్కలుగా కోసి తియ్యాలి.

పైన సిమెంటు పూత మాత్రం వద్దు. ఎండకు బండ సాగే తీరు వేరు, సిమెంటుది వేరు. వెంట్రుకవాసి పగుళ్లు పడతాయి, అందులో దిగిన నీరు పైకి ఆరలేక లోపలికే వస్తుంది.

కొత్త గచ్చుకు రాతిసున్నాన్ని, అంటే బట్టీలో కాల్చిన సున్నపు గడ్డలను, నీళ్లలో వేసి చల్లార్చాలి. సున్నం మీద నీళ్లు గుమ్మరిస్తే చిమ్ముతుంది, కళ్లు పోతాయి. కనీసం రెండు వారాలు నీళ్లలోనే నాననివ్వాలి, నానని గడ్డలు తర్వాత గచ్చులో ఉబ్బి పెచ్చులు లేపుతాయి. ఒక పాలు సున్నానికి రెండు పాళ్లు బాగా కాలిన ఇటుకల పొడి కలిపి గానుగలో మెత్తగా నూరాలి. ఈ డంగు ఒక పాలైతే, అంగుళం సైజు ఇటుక కంకర, ముందే నీళ్లు తాగించింది, రెండున్నర పాళ్లు.

పరిచాక ఐదడుగులకు అంగుళం వాలు, అణిగాక నాలుగంగుళాల మందం ఉండాలి. అసలు పని కొట్టడంలోనే ఉంది. చెక్క బడితెలతో కనీసం ఏడు రోజులు కొట్టాలి. కొడుతూ బెల్లం, మారేడు నీళ్లు చల్లాలి: 60 లీటర్లకు పావు తక్కువ రెండు కిలోల బెల్లం, కిలో మారేడు గుజ్జు, ఉడికించి వడగట్టినవి. శివమఠమైతే మారేడుకు వెతుకులాట ఉండదు. కొట్టినప్పుడు బడితె వెనక్కి ఎగిరిపడి, గచ్చు మీద గుర్తు పడకపోతే పని అయినట్టు. మేస్త్రి మూడో రోజే అయిందంటే నమ్మొద్దు.

తర్వాత పది రోజులు తడి గోనెసంచులు కప్పాలి. ఎండాకాలం ఈ పని పెట్టుకోవద్దు, గచ్చు గట్టిపడకముందే ఆరి పొడవుతుంది. పిట్టగోడ మొదట్లో, గోడా గచ్చూ కలిసే మూలలో, సున్నంతో మూడంగుళాల గుండ్రని అంచు (గోళా) తీసి, నీళ్లు పోయే తూమును గోడ దాటి అడుగు బయటికి ఉంచాలి.